ఎడమ మూల వెంకన్న

భీమవరంలో మా మనవరాలి కాలేజీ మైదానంలో కబడ్డీ ఎంపికలు జరుగుతుంటే, ఎండకు కాగిన రబ్బరు మ్యాట్ల వాసన, పిల్లలు మోకాళ్ళకు కొట్టుకునే స్ప్రే ఘాటు కలిసి ముక్కుకు తగిలాయి. కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. మా రోజుల్లో దీన్ని చెడుగుడు అనేవాళ్ళం. దానికి తడి ఇసుక వాసన ఉండేది.

అప్పుడు నాకు పదేళ్ళ నాలుగు నెలలు. శివరాత్రి తీర్థానికి పట్టిసీమ వెళ్ళాం. పడవ దిగితే ఇసుకతిన్నె మీద జీళ్ళ పాకం వాసన, నరికిన చెరుకు గడల పచ్చివాసన, పిల్లల బూరాల మోత, తడిచీరలతో గుడి మెట్లెక్కే ఆడవాళ్ళు, వీటన్నిటికీ ఎడంగా, నీళ్ళు చల్లి గట్టిపరచిన ఇసుక మీద ముగ్గుపిండితో గీసిన చెడుగుడు బరి. కూతకు వెళ్ళినవాడి గొంతు ఏటిగాలిలో సాగుతుంటే, ఎక్కడ తెగుతుందోనని చూసేవాళ్ళమే ఊపిరి బిగబట్టేవాళ్ళం.

మా పెదనాన్న ఒకప్పుడు పేరున్న ఆటగాడు. తణుకు వైపు ఒక ఫ్యాక్టరీ జట్టుకు, పట్టు పట్టే కుర్రవాణ్ణి ఒకణ్ణి చూసిపెట్టమని ఆయనకు కబురొచ్చింది. ఎంపికైనవాడికి జట్టులో చోటు, దాంతోపాటు ఉద్యోగం. ఆయన చూసే పద్ధతే వేరు. ఊడ్పుల్లో నారుకట్టల మోపుతో తడిగట్టు మీద ఎవరు జారకుండా నడుస్తున్నారో గమనించేవారు. "పట్టేవాడికి చేతులు కాదే అమ్మాయ్, మడమలు చూడాలి" అనేవారు. అలా చూసి మా ఊరి జట్టులోనే ఇద్దర్ని అనుకున్నారు: కుడి మూల కాసే సత్తిబాబు, ఎడమ మూల కాసే వెంకన్న.

కాని ఆ ఏడు పెదనాన్న కళ్ళకు పొర కమ్మింది. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నా చేతికి నోటుపుస్తకం ఇచ్చి, "ఎవడెన్ని పట్టాడో రాయి. నీ లెక్క తప్పదు" అన్నారు. ఆ మాటకు ఉబ్బిపోయి, ఒళ్ళోని జీళ్ళు కరిగి పరికిణీకి అంటుకుపోతున్నా కదలకుండా రాశాను.

మొదటి ఆటలో వెంకన్న ఇద్దర్ని పట్టాడు. మొదటివాణ్ణి చీలమండ దొరకబుచ్చుకుని అదిమేస్తే కూత సగంలోనే ఇసుకలో కూరుకుపోయింది. రెండోవాడు గింజుకుంటున్నా నడుం పట్టి ఎత్తి, వడ్లబస్తాను దించినట్టు దించాడు. వాడు కుంటుకుంటూ వెళ్తుంటే, "ఒరేయ్, అటెళ్ళకండ్రా, కాళ్ళు దాచుకోండ్రా!" అని జనం కేకలేశారు. నేనూ నవ్వాను.

మూడు ఆటలయ్యేసరికి సత్తిబాబు పదకొండు, వెంకన్న నాలుగు. పెదనాన్న ఆ అంకెలు నా చేత రెండుసార్లు చెప్పించుకుని, "నేను వెంకన్ననుకున్నానే" అని గొణిగి, ఫ్యాక్టరీ మనిషికి సత్తిబాబు పేరు చెప్పేశారు.

కాళ్ళు కడుక్కుని వెంకన్న నా దగ్గరకొచ్చాడు. మోచేతి మీద ఇసుక, రక్తం కలిసి ఎండిపోయి ఉన్నాయి.

"అమ్మాయిగారూ, నా వైపుకి ఎంతమందొచ్చారో రాశారాండి?"

రాయలేదు. మొదటి ఆట తరవాత అతని మూలకు వచ్చింది ఇద్దరే. ఆ ఇద్దర్నీ పట్టాడు. మిగిలినవాళ్ళంతా అతన్ని చూసి సత్తిబాబు వైపుకు తిరిగారు. అది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. పెదనాన్న పది అడుగుల దూరంలోనే ఉన్నారు. ఫ్యాక్టరీ మనిషి ఇంకా పడవెక్కలేదు.

"నా లెక్క తప్పదు" అన్నాను.

"తప్పని నేననలేదండి" అని వెళ్ళిపోయాడు.

వెంకన్న మా పొలంలోనే ముసలివాడయ్యాడు. గట్టు మీద కనబడితే "బాగున్నారాండి" అనేవాడు. ఆ తీర్థం ఊసు ఎత్తుతాడేమోనని నేనే నిలబడేదాన్ని కాదు. అతను ఎప్పుడూ ఎత్తలేదు.

ఇక్కడ భీమవరం మైదానంలో కూత పిల్లల పెదవుల మీదే కదులుతోంది, స్పీకర్ల మోతలో వినపడదు. నా మనవరాలు శ్రావణిది కుడి మూల. ఎడమ మూల కాసే పిల్ల ఎవరో నాకు తెలియదు. జట్టులో ఖాళీ ఒక్కటే. ఎంపిక చేసే అమ్మాయి ట్యాబ్‌లో శ్రావణికి ఏడు పట్లు, ఆ పిల్లకు మూడు. పొద్దుటినుంచి నేను రాసుకుంటున్న పుస్తకంలో ఇంకో వరుస ఉంది: శ్రావణి వైపుకు ఎదుటి జట్టు కూతకెళ్ళింది ఇరవై రెండుసార్లు, ఆ పిల్ల వైపుకు నాలుగు.

లేచాను.

"నాన్నమ్మా, ఎక్కడికి?"

"లెక్క చెప్పొస్తా."

"నాదేగా ఎక్కువ! కూచో."

కూర్చోలేదు. "అమ్మా, ఆ ఎడమ మూల పిల్ల వైపుకి ఎంతమందొచ్చారో రాశావా?" అని అడిగాను. ఆ అమ్మాయి ట్యాబ్ మీద వేలు పైకీ కిందికీ జరిపి, "అది రాయమండి" అంది. నా పుస్తకం తెరిచి ముందు పెట్టాను. ఆమె చాలాసేపు చూసి, శ్రావణి పేరు తీసి ఆ పిల్ల పేరు రాసింది.

పట్టిసీమ ఇసుక మీద ఇప్పుడు బరి గీసేవాళ్ళు లేరు. ఏటిగాలిలో సాగే కూత లేదు. ఎదురుపడి ఈ మాట చెప్పుకుందామంటే వెంకన్న లేడు.

ఆటోలో ఇంటిదాకా శ్రావణి నాతో మాట్లాడలేదు. మా వీధి మొదట్లో దిగుతూ మాత్రం, నా ముఖం చూడకుండా, "ఆ పిల్ల వైపుకి నేనైనా కూతకెళ్ళను నాన్నమ్మా" అంది.