టోకెన్ కట్టిన లారీ

1972. గోదావరిఖనిలో మా పంచాయతీ ఆఫీసు రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో సర్పంచ్ గారి కుర్చీ, వెనక గదిలో నేను, నా బీరువా. పంచాయతీ గుమాస్తా అంటే పుట్టినవాళ్లనీ చనిపోయినవాళ్లనీ రాసుకునేవాడని జనం అనుకుంటారు. అది సగం ఉద్యోగమే. మిగతా సగం న్యూసెన్స్ రిజిస్టర్. దారికి అడ్డమైన ప్రతిదీ అందులో ఎక్కాల్సిందే. పేడకుప్ప, కూలిన గోడ, ఊరి మీద పడ్డ ఆంబోతు, ఎవరో వదిలేసి పోయిన బండి, ఏదైనా సరే. చేలలో పడిన పశువులను కట్టేయడానికి ఊరి చివర బందెలదొడ్డి ఉండేది. మోటారు బండ్లకు వేరే చోటు లేదు కనుక వాటినీ కాగితం మీద బందెలదొడ్డికే తోలేవాళ్లం.

ఆ ఏడు నా రిజిస్టర్‌లోకి ఒక లారీ ఎక్కింది. అంతకు మూడేళ్ల కిందట ఎవరో బయటి కాంట్రాక్టరు ఇరుసు విరిగిన లారీని కార్మికుల క్వార్టర్ల మలుపులో వదిలి మాయమయ్యాడు. ఆ మూడేళ్లలో దాని లైట్లు పోయాయి, హారన్ పోయింది, ఒక మంచిరోజు చూసుకుని ఇంజను కూడా వెళ్లిపోయింది. మిగిలిన డొక్కు మాత్రం మలుపును సగం మింగేసి కూర్చుంది. దానివల్ల బస్సు లోపలికి వచ్చి తిరగడానికి వీలుండేది కాదు. దవాఖానకు పోవాలంటే బాలింతలు కూడా మైలున్నర నడిచి పెద్ద రోడ్డు మీదికి వెళ్లాలి. బస్సుల ఆఫీసరు వచ్చి చూసి, దసరాలోపు మలుపు ఖాళీ చేస్తే బస్సు వస్తుందని, లేకపోతే అది వేరే ఊరికి పోతుందని తేల్చేశాడు.

నాకు సంబరమైంది. ఇలాంటి ఫైలంటే నాకు పండగే. వరసగా మెట్లుంటాయి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోవడమే. మొదట బండి మీద నోటీసు అంటించాలి. నంబరు పట్టుకుని రవాణా ఆఫీసుకు రాయాలి. ఇరవై ఒక్క రోజుల్లో యజమాని రాకపోతే పంచనామా చేయాలి, అంటే సాక్షుల ముందు బండి ఎలా ఉందో, దాని మీద ఏమేం ఉన్నాయో రాయాలి. తర్వాత బండిని తరలించి వేలం వేయాలి. నాకు ముప్పై ఏళ్లు. రూలు తప్పని మనిషినని నా మీద నాకే చాలా గౌరవం ఉండేది.

జిగురు డబ్బా పట్టుకుని వెళ్లేసరికి లారీ వెనక తొట్టిలో పొయ్యి మండుతోంది. కొమురయ్య, లచ్చవ్వ అనే ముసలి దంపతులు అందులో చాయ హోటల్ పెట్టుకున్నారు. కొమురయ్య ఇరవై ఏళ్లకు పైగా బాయిలో బొగ్గు నింపినవాడు. మా దగ్గర గనిని బాయి అంటారు. మోకాళ్లు చెడి పని మానేశాక వాళ్లకు ఆ పొయ్యే ఆధారం.

"ఏంది సారూ గా కాయితం?" అన్నాడు.

"నోటీసు కాకా. లారీ తియ్యాలె."

"తీస్తే మేమేడికి పోవాలె?"

"అది నోటీసుల లేదు కాకా" అన్నాను. ఆ మాట ఎంత మొద్దు మాటో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. లచ్చవ్వ మాత్రం, "తియ్యంగ చూద్దాం గని, ముందుగాల చాయ తాగు బిడ్డా" అని గ్లాసు చేతిలో పెట్టింది.

గడువు ముగిసింది. కాంట్రాక్టరు జాడ లేదని రవాణా ఆఫీసు రాసింది. పంచనామాకు వెళ్లిన రోజు లారీ ముందు భాగంలో, ఒకప్పుడు లైటున్న చోట, తీగతో కట్టిన ఇత్తడి బిళ్ల కనిపించింది. రూపాయంత ఉంది, మీద నంబరు ఉంది. దిష్టికి కట్టారేమో అనుకున్నాను. బండి మీద ఉన్న వస్తువులు జాబితాలో రాయాలి కదా. తీగ విప్పి బిళ్లను కవర్లో వేశాను, "ఇత్తడి బిళ్ల, ఒకటి" అని చక్కగా రాసుకుని ఆఫీసుకు వచ్చి బీరువాలో పెట్టేశాను.

మూడు గంటల సైరన్ మోగి మొదటి షిఫ్టు విడిచింది. మరో అరగంటకు మా ఆఫీసు ముందు వందమంది! ముఖాల మీద బొగ్గు కూడా కడుక్కోలేదు. అందరికంటే ముందు ఓదెలు ఉన్నాడు. బాయిలో హాలేజీ పనివాడు, అంటే ఇనుప తాళ్లతో బరువులు లాగేవాడు. ఆదివారం లారీని లాగిపెట్టమని నేను బతిమాలి ఒప్పించింది అతన్నే.

"టోకెన్ తీసినోడెవడు?" అని అరిచాడు.

సర్పంచ్ గారు నా వైపు చూశారు. నేను బీరువా వైపు చూశాను.

"నేనే తీసిన. పంచనామాకు..."

"సారూ, నీకు ఎరుక లేక తీసినవ్ గావట్టి ఊకుంటున్నం. బాయిల ఇంకోని టోకెన్ తీసినోనితోని మేం మాట్లాడం, నీళ్లు సుత తాగం."

అప్పుడు చెప్పారు. బాయిలో బొగ్గు మోసే చిన్న ఇనుప బండిని టబ్బు అంటారు. దాన్ని నింపినవాడు తన నంబరున్న బిళ్ల దానికి తగిలిస్తాడు. అదే టోకెన్. పైకి చేరాక ఆ బిళ్లను చూసే, ఆ టబ్బు ఎవరి కష్టమో రాసుకుంటారు. భూమి లోపలి చీకట్లో మనిషి ఒకచోట ఉంటాడు, అతని చెమట ఇంకో దారిన పైకి పోతుంది. వాటిని కలిపేది ఆ బిళ్ల ఒక్కటే. అందుకే దాన్ని వేరేవాళ్లు ముట్టరు. నోటీసు చదివించుకున్న రాత్రి కొమురయ్యకు ఏం చేయాలో తోచక, తన పాత టోకెన్ తెచ్చి లారీకి కట్టాడట.

ఆ వందమంది ముందు నడుస్తూ వెళ్లి, నా చేతులతో టోకెన్ మళ్లీ కట్టాను. తీగ ముడి సరిగా పడలేదని రెండుసార్లు విప్పించారు. మూడోసారి ఓదెలు లాగి చూసి "పక్కాగున్నది" అన్నాక ఈలలు వేశారు. కానీ "ఇంకోని టోకెన్ ఉన్న లారీని మేం ముట్టం సారూ" అని ఓదెలు చెప్పి వెళ్లిపోయాడు. దసరాకు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. బస్సు పోతే ఆ బాలింతలకు ఏం చెప్పాలి? తీయించి బస్సు తెస్తే ఈ ముసలివాళ్లకు ఏం చెప్పాలి?

కాగితం, కలం లేకుండా ఒట్టి చేతులతో కొమురయ్య దగ్గర కూర్చున్నాను. ఉద్యోగంలో అది మొదటిసారి.

"కాకా, బస్సు రావాలె. నీ పొయ్యి సుత ఆరద్దు. నాకేం తోస్తలేదు. నువ్వే చెప్పు" అన్నాను.

గ్లాసులు కడుగుతున్న లచ్చవ్వ కొమురయ్య వైపు తిరిగి అందుకుంది.

"ఏమయ్యా, ఇరవై ఏండ్లు నింపినవ్. టోకెన్ కట్టిన టబ్బు ఉన్నకాడ్నే ఉంటదా, పోతదా?"

"పోతది."

"మరి గీ లారీ ఎందుకు పోదు? టోకెన్ తియ్యద్దన్నరు గని, లాగద్దన్నరా? నీ మోకాళ్లకు దవాఖానకు నడిచి నడిచి నా మోకాళ్లు పోయినయ్. నాకూ బస్సు గావాలె."

కొమురయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. అంత పెద్ద చిక్కుముడి ఆమె రెండు గ్లాసులు కడిగేలోపు విడిపోయింది.

"అయితె టోకెన్‌తోనే పోవాలె. టోకెన్ నాది, యాడికో నేను చెప్త" అన్నాడు కొమురయ్య.

అతను చెప్పిన చోటు బందెలదొడ్డి గోడ పక్కన, బాయికి పోయే దారి మీద. ఫైల్లో నేను రాయాల్సిన చోటూ అదే! సంతోషంతో సర్పంచ్ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన అంతా విని, "దొడ్డి పక్క జాగ పంచాయతీదే గద. ఉండనియ్" అన్నారు.

ఆదివారం ఓదెలు ముఠా తాళ్లూ, చైన్ బ్లాకూ తెచ్చింది. చైన్ బ్లాకు అంటే గొలుసు లాగితే ఎంత బరువైనా కదిలే కప్పీ. చక్రాల కింద కర్ర దుంగలు పరిచారు. లచ్చవ్వను దిగమంటే దిగలేదు. "పొయ్యి మీద పాలున్నయ్, నేను దిగ" అంది. ఆమెతో, పొయ్యితో, పాలతో సహా లారీ కదిలింది. "జోర్ లగాకే" అని ఓదెలు, "హైసా" అని ఊరంతా. ఎవరో డప్పు తెచ్చారు. నేను ఫైలు సంచీ పక్కన పడేసి తాడు పట్టుకున్నాను. నా తెల్ల చొక్కాకు పట్టిన గ్రీజు ఆ తర్వాత ఎన్ని ఉతుకులకూ పోలేదు. దొడ్డి గేటులో లారీ పట్టదు కనుక గోడ పక్కనే ఆపాం. పాలు పొంగనైనా పొంగలేదని లచ్చవ్వ చాలా రోజులు చెప్పుకుంది.

తర్వాత వేలం వేశాం. పాటకు వచ్చిన పాత ఇనుము వ్యాపారులు టోకెన్ చూసి పక్కకు తప్పుకున్నారు. కొమురయ్య ఒక్కడే పాడి లారీని దక్కించుకున్నాడు. దసరాకు రెండు రోజుల ముందు బస్సు వచ్చి మలుపులో గుండ్రంగా తిరిగింది. పిల్లను చంకన వేసుకుని మొదట ఎక్కిన బాలింతకు జనం చప్పట్లు కొట్టారు. డ్రైవరూ కండక్టరూ దిగి లారీ దగ్గర చాయ తాగారు. "వాహనం బందెలదొడ్డికి తరలించబడినది" అని రాసి ఫైలు మూశాను. అందులో ఒక్క అబద్ధం లేదు.

ఆ తర్వాత ఎన్నో బండ్లు తీయించాను. నోటీసు అంటించే ముందు పక్కన కూర్చుని, ఇది ఎవరికి ఏమవుతుందో అడగడం మాత్రం మానలేదు. వదిలేసిన బండి అని మనం రాసుకునే ప్రతిదాని మీదా ఎవరిదో ఒక టోకెన్ ఉంటుంది, మనకు కనిపించకపోవచ్చు.

1978లో నాకు మంచిర్యాలకు బదిలీ అయింది. సామాను ఎక్కించుకుంటుంటే కొమురయ్య కర్ర ఊతంతో వచ్చాడు. జేబులోంచి ఆ ఇత్తడి బిళ్ల తీసి, నా ఇనుప పెట్టె గొళ్లేనికి తీగతో కట్టాడు.

"కాకా, ఇదెందుకు? నీ టోకెన్ గద!" అన్నాను.

"ఉండనియ్ సారూ. తొవ్వల ఎవ్వడు ముట్టడు" అన్నాడు.

ముడి రెండుసార్లు లాగి చూసి, పక్కాగా ఉందన్నాడు.