ఐదువేల నలభై వరసలు

ఇంగ్లండులో, మా సఫోక్ పల్లెలో గుర్రాల జీనులు కుట్టే హెడ్లీకి ఐదువేల నలభై అనే సంఖ్యంటే పిచ్చి. బీరు తాగుతున్నా అదే గొడవ. "ఒకటి నించి పది దాకా దేంతోనైనా భాగించి చూడరా, శేషం మిగిలితే నన్నడుగు! పదకొండొక్కటే లొంగదు. పన్నెండు మళ్ళీ దారికొస్తుంది."

"అందుకేగా నేను పదకొండో తారీఖున పుట్టింది," అనేది అతని భార్య డోర్కస్. "నీ లెక్కకి లొంగని మనిషి ఒకతైనా ఉండాలి కదయ్యా."

ఈ పిచ్చంతా మా చర్చి గోపురం అంటించిందే. అక్కడ ఎనిమిది గంటలు వేలాడుతుంటాయి. అన్నిటికన్నా పెద్దది ప్రతి వరసకీ చివర మోగుతుంది. మిగతా ఏడూ వరస వరసకీ చోట్లు మార్చుకుంటాయి. ఏడింటినీ ఎన్ని రకాలుగా వరస పెట్టొచ్చు? ఒకటి నుంచి ఏడు దాకా గుణించుకుంటూ పోతే తేలేది ఐదువేల నలభై. అన్ని వరసలూ మోగాలి, ఒక్కటి కూడా రెండోసారి రాకూడదు. వచ్చిందా, మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా తాళ్ళు లాగిందంతా బూడిదలో పోసిన పన్నీరే. చేతిలో కాగితం ముక్క ఉండకూడదు. క్రమం ఎక్కడ మార్చాలో ఒక్కడే గుర్తుపెట్టుకుని కేకవేస్తాడు. మాకు ఆ ఒక్కడు హెడ్లీ. రెండో తాడు డోర్కస్‌ది, మూడోది నాది.

మా జట్టు ఎన్నడూ దాన్ని చివరిదాకా తీసుకెళ్ళలేదు. ఈలోగా డోర్కస్ మంచం పట్టింది, డాక్టరు పెదవి విరిచాడు. ఆమె మొగుణ్ణి ఒక్కటే అడిగింది. "నేను పోయేలోగా ఒక్కసారి నిఖార్సుగా మోగించి వినిపించు. తప్పు దొర్లిందో, మంచంలోంచే పట్టేస్తాను, జాగ్రత్త!"

ఆ ఆదివారం ఆమె తాడు పక్కూరి మాస్టారికిచ్చి మొదలుపెట్టాం. గోపురం కిటికీకి ఎదురుగానే హెడ్లీ ఇల్లు. డోర్కస్ పడకగది కిటికీ బార్లా తీసి ఉంది. ఏం మోగాయండీ ఆ రోజు! పొద్దు పడమటికి దిగింది. ఇంకాస్త లాగితే అయిపోతుందనగా, ఆ కిటికీకి తెర పడింది.

మా ఊళ్ళో పట్టపగలు పడకగది తెర వేశారంటే ఆ ఇంట్లో ప్రాణం పోయిందనే. నేనూ చూశాను. హెడ్లీ నోరు తెరిచాడు, కేక రాలేదు. మార్చాల్సిన చోటు దాటిపోయింది. మోగిన వరసలే మళ్ళీ మోగసాగాయి. "ఆపండి," అన్నాడు. గంటలు ఆగాయో లేదో మెట్లు దిగి పరిగెత్తాడు. నేనూ వెనకే వెళ్ళాను.

డోర్కస్ కళ్ళు తెరుచుకుని చూస్తోంది.

"ఎందుకాపారయ్యా? ఎండ కళ్ళల్లో పడుతోందని ఈనిడ్‌ని తెర వెయ్యమన్నాను. అంతా చక్కగా వస్తోంది కదా, ఏమొచ్చింది మీకు?"

పక్కింటి ఈనిడ్ పాపం బిక్కచచ్చి మంచం పక్కన నిలబడింది. డోర్కస్ తెర వంక చూసింది, మొగుడి మొహం చూసింది.

"పోయాననుకున్నావా, పిచ్చి మొద్దూ!" అని అతని తల దగ్గరికి లాక్కుంది. అతను గుక్కపట్టి ఏడ్చాడు. నేను అక్కడ నిలబడలేక బయటికొచ్చేశాను.

"వచ్చే ఆదివారం తప్పకుండా," అని ఆమెకు మాటిచ్చాడట. అప్పటిదాకా ఆమె ఆగలేదు. గురువారం పొద్దున ఆ తెర మళ్ళీ పడింది. ఎండ లేదు, ముసురు పట్టి ఉంది.

ఆమెను మట్టిచేశాక జట్టంతా గోపురం కింద చేరాం. "డోర్కస్ పేరు మీద ఇప్పుడైనా పూర్తి చేద్దాం, హెడ్లీ," అన్నాను. అతను తల ఎత్తి పైకి చూడనైనా లేదు.

"వద్దురా. ఇప్పుడు తప్పొస్తే పట్టుకునేదెవరు?"