రాహుకాలంలో ఇల్లు మారాను

రాహుకాలంలో సామాన్ల వ్యానుకు గిరాకీ ఉండదు. అప్పుడు ఇల్లు మారితే హాయి అని మా ఆవిడను ఒప్పించి, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చాను. వ్యాను సామాను దించి వెళ్ళిపోయింది. ఇంటి ఓనరమ్మ మాత్రం తాళం తియ్యలేదు.

“మీకు నమ్మకం లేకపోతే లేకపోయింది, ఇల్లు నాదండీ మాస్టారూ! రాహుకాలం పోనివ్వండి.”

నడివీధిలో మా సోఫా మీద కూర్చుని మూఢనమ్మకాలను ఏకిపారేశాను. ఇరుగుపొరుగు శ్రద్ధగా విన్నారు, టీ కూడా ఇచ్చారు. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. నా పుస్తకాల పెట్టెలన్నీ బయటే!

“ఏవండీ, రాహుకాలం ఇంకా ఎంతసేపండీ?” అని నేనే కేక పెట్టాను. వీధంతా గొల్లున నవ్వింది.

“ఇప్పుడే అయిపోయిందండీ!” అంటూ ఓనరమ్మ తలుపు తీశారు.

ఇంకా పావుగంట ఉందని మా ఆవిడ తరవాత క్యాలెండర్ చూసి చెప్పింది. నా ఉపన్యాసానికి తెరుచుకోని తలుపు నాలుగు చినుకులకు తెరుచుకుంది.