కనుగొన్నవారి పేరు

రోజూ తార్నాక నుంచి సైకిలు మీద వచ్చి, యూనివర్సిటీలో భూగర్భశాస్త్ర విభాగం తలుపులు తీసేది సామేలే. పదకొండేళ్లుగా అక్కడి రాళ్లు కడిగి చీటీలు అంటిస్తున్నాడు. ఏది ఉత్త రాయో, ఏది రాయిగా మారిన ఎముకో తేలకపోతే నాలుకకు ఆనిస్తాడు. ఎముకైతే అంటుకుంటుంది. విద్యార్థులు నవ్వుతారు, పరీక్షల ముందు మాత్రం అతన్నే వచ్చి అడుగుతారు. పందొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో సొంతూరికి వెళ్లినప్పుడు, వాగు గట్టున తొడంత ఎముక బయటపడి కనిపించింది. వంగి నాలుక ఆనించాడు. పర్మిట్ లేనిదే తవ్వకూడదని తెలుసు గనుక ముళ్లకంప కప్పి, సెలవు కాగానే పర్మిట్లిచ్చే ఆఫీసుకు వెళ్లి చెప్పాడు. గుమాస్తా ఫారం తీసి, ‘కనుగొన్నవారు’ అన్నచోట సామేలు విభాగం ప్రొఫెసరు పేరు రాశాడు.

“గదేంది సారూ? దొరికింది నాకు.”

“అటెండరు పేరు రాస్తే ఎవడు నమ్ముతడయ్యా? పెద్దసారు పేరుకు వజనుంటది.”

“పెద్దసారొచ్చి నాలుక పెట్టిండా?”

గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. “సరే, ముందు జాగ చెప్పు.”

“ముందు నా పేరు రాయుండ్రి. అప్పటిదాంక ఊరి పేరు గూడ చెప్ప.”

సామేలు బెంచీ మీద కూర్చున్నాడు. భోజనాల వేళ దాటినా లేవలేదు. చివరికి గుమాస్తా ప్రొఫెసరు పేరు కొట్టేసి అతని పేరు రాశాడు. సామేలు బల్ల మీదికి వంగి చూసుకున్నాడు.

“తండ్రి పేరు గూడ రాయుండ్రి సారూ. పోచయ్య. గా వాగు ఒడ్డుకే పటేలు బర్లు కాసిండు, జీతగాడు.”