వియ్యంకుడి ఆయాసం

గుండె ఆపరేషనయ్యాక మా ఆవిడకది మొదటి ప్రయాణం. న్యూమెక్సికో ఎడారి కొండల్లో ఎత్తుకి ఊపిరాడకపోతే వెనక్కి వచ్చేద్దామనుకుని, ఇల్లులాంటి పెద్ద బండి, ఆర్వీలో బయల్దేరాం.

ఏ క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగినా మా వియ్యంకుడు ముందు దిగేవారు. లావుపాటి మనిషి. నన్ను వెంటేసుకుని బాత్రూమ్ దాకా కబుర్లు చెబుతూ నడిచి, రొప్పుతూ తిరిగొచ్చి, "ఒరేయ్, ఇది వద్దు. ఇంకా కిందికి పోనీ" అనేవారు, డ్రైవింగ్ సీట్లో ఉన్న కొడుకుతో.

"బాత్రూములకి పెళ్లిచూపులా బావగారూ?" అన్నాను.

"నాకే మాట ఆగిపోతుంటే చెల్లెమ్మ నడవగలదాండీ?"



చివరికొక చోట ఆయన వాగుతూ వెళ్లి, వాగుతూనే వచ్చారు. "దిగమ్మా, ఇక్కడ బుక్ చేద్దాం!"

మా ఆవిడ దిగి, మెల్లగా ఆ చివరిదాకా నడిచొచ్చింది. కొండ కేసి చూస్తూ అడిగింది: "అన్నయ్యగారూ, రేపు ఇంకొంచెం పైకి పోదామా?"