చలికాలం వస్తే సుగుణక్క

మొన్న నాగర్‌కర్నూల్‌లో మా చెల్లెలు రేణుక ఇంటి గడప దాటగానే సాంబ్రాణి పొగ ముక్కుకు తగిలింది. చిన్నప్పటి నుంచి నాకు ఇష్టమైన వాసనే. కానీ ఆ ఇంట్లో రేణుకకు పుట్టిన, నెల కూడా నిండని పసివాడు ఉన్నాడు, బయట చలిగాలి వీస్తోందని తలుపులూ కిటికీలూ మూసేశారు. చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి వెళ్లి కిటికీ తెరిచాను. రేణుక అత్తగారు నన్ను అదోలా చూసింది. ‘‘అక్క వచ్చిందో లేదో, మొదలువెట్టింది’’ అని రేణుక నవ్వింది. వాడి ముఖం మీదికి జరిగిన దుప్పటి అంచు కిందికి లాగి కూర్చున్నాను. కాసేపటికి మళ్లీ లేచాను. మళ్లీ కూర్చున్నాను. నాకిచ్చిన టీ తాగకుండానే చల్లారిపోయింది. ఈ కుదురులేనితనం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. వనపర్తిలో బట్టలు కుట్టే సుగుణక్క దగ్గర అంటుకుంది.

పెళ్లయి పాన్‌గల్ నుంచి వనపర్తికి వచ్చిన కొత్తలో నేను ఆమె దుకాణంలో పనికి చేరాను. సన్నగా, పొడుగ్గా ఉండేది. కర్ణాటక సరిహద్దులోని గట్టు వైపు మనిషి కాబట్టి మాటల్లో అక్కడక్కడా కన్నడం దొర్లేది. పసిబిడ్డను ‘కూసు’ అనేది. దుకాణంలో అన్నీ కుట్టేవాళ్లం, కానీ పసిపిల్లల బట్టలు మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. జబ్లాకు కుట్టు బయటివైపు రావాలి, లోపల ఉంటే ఒళ్లు ఒరుసుకుంటుంది. గుండీలు వద్దు. మెడ దగ్గర తాడు అసలే వద్దు. కుట్టుకుంటూ ఉన్నట్టుండి లేచేది, రోడ్డు మీదికి చూసేది, వచ్చి కూర్చునేది, అయిపోయిన జబ్లానే మళ్లీ తిరగేసి చూసేది. ఆమె పక్కన కూర్చుంటే నాకూ ఒకచోట ఉండబుద్ధి అయ్యేది కాదు. మొదట్లో విసుగేసేది.

ఒకసారి పెబ్బేరు సంతకు వచ్చి, అక్కడి నుంచి మా దుకాణానికి వచ్చిన ఒకావిడ మనవరాలికి టోపీ కుట్టమంది. మెడ కింద ముడి వేసేలా మెరిసే నాడా పెట్టమంది. సుగుణక్క బట్ట మడిచి ఆమె చేతికే ఇచ్చేసింది.

‘‘గీ నాడా మెడకు సుట్టుకుంటే ఎవరు జూస్తరమ్మా? నేను కుట్ట.’’

‘‘కుట్టమన్నది కుట్టాలె గాని గిదేంది, నువ్వే నాకు బుద్ధి చెప్తున్నవు?’’ అంటూ ఆవిడ కోపంగా వెళ్లిపోయింది.

‘‘గంత కోపమెందుకక్కా, జర నెమ్మదిగ చెప్పొచ్చు గదా’’ అన్నాను. సుగుణక్క ఎవరో తెచ్చిపెట్టిన చిన్న ఉన్ని మేజోళ్లు లోపలి వైపు బయటికి తిప్పి, వేలాడుతున్న దారప్పోగు ఒకటి నాకు చూపించి కత్తిరించింది. ‘‘కూసుకు మాట రాదు పద్మా. వేలికి గీ దారం సుట్టుకుని బిగిసినా ఏడుస్తది, ఆకలైనా ఏడుస్తది. మనకెట్ల తెలుస్తది?’’ అని మిషను దగ్గర కూర్చుంది. అంతలోనే లేచింది.

ఆ తర్వాతి చలికాలంలో నెలలు నిండకముందే నాకు కూతురు పుట్టింది. శ్రావణి. అరచేతిలో ఇమిడిపోతుందేమో అన్నంత చిన్నగా ఉండేది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకుని పంపించారు. మాది రేకుల ఇల్లు. తెల్లవారితే రేకుల లోపలివైపు నుంచి చెమ్మ చుక్కలుగా కారేది. మా అత్త బాలమ్మ పిల్లకు స్వెటరు తొడిగి, టోపీ పెట్టి, మీద గొంగడి తల దాకా కప్పి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టి తలుపు మూసింది. ఆ రోజు పొద్దున్నే సుగుణక్క చూడటానికి వచ్చింది. తలుపు తోసి ఒక్కక్షణం నిలబడిపోయింది. తర్వాత కొంగుతో కుంపటి పట్టుకుని వాకిట్లో పెట్టి వచ్చింది, గొంగడి లాగేసింది. పిల్ల ముఖం ఎర్రగా కంది ఉంది. జుట్టు చెమటకు తడిసింది.

‘‘ఊపిరి ఆడొద్దా కూసుకు!’’ అని అరిచింది.

మా అత్త మంచానికి అడ్డం వచ్చింది. ‘‘కని పెంచినదాన్ని, నాకు తెల్వదా? సలికి పిల్లకేమన్న అయితే నువ్వు తెచ్చిస్తవా?’’

ఇద్దరి మధ్యా పడుకుని ఉన్నాను నేను. ఎవరిని ఆపాలో తెలియలేదు. సుగుణక్క సంచిలోంచి తను కుట్టిన మెత్తని జబ్లా తీసి తొడిగింది, టోపీ తీసేసింది, మేజోళ్లు తీసేసింది. ‘‘గివన్ని ఎక్కువ’’ అంది. ఆ రోజు పిల్ల హాయిగా పాలు తాగి నిద్రపోయింది. దాంతో ఆమె మాటే సరైనదని నాకనిపించింది. తర్వాత రోజూ వచ్చేది. మా అత్త కప్పినదంతా ఆమె తీసేది. ఆమె వెళ్లాక మా అత్త మళ్లీ కప్పేది. ఒకరి తర్వాత ఒకరు నా బిడ్డ మీద చేతులు వేస్తుంటే నాకు కన్ను మూతపడేది కాదు. చివరికి నేనే అత్తకు చెప్పాను, అక్క చెప్పినట్టే ఉంచుదామని. మా అత్త చిన్నబుచ్చుకుని వాకిట్లోకి వెళ్లింది.

ఆ తర్వాత వచ్చిన ఒక పొద్దుట చలి గాలి ఆగకుండా వీచింది. ఎదురిల్లు కూడా కనపడనంత మంచు. శ్రావణి పాలు తాగలేదు. రొమ్ము నోట్లో పెడితే పెదవులు కదిలించి ఊరుకుంది. ఏడుపు కూడా పిల్లి కూనలా సన్నగా వచ్చి ఆగిపోయింది. అప్పుడే వచ్చిన సుగుణక్క పిల్ల పాదాలు పట్టుకుని, ‘‘కాళ్లు సల్లగనే ఉంటయి, ఏం గాదు’’ అంటూ జబ్లా కిందికి చెయ్యి పోనిచ్చింది. ఆమె చెయ్యి పిల్ల పొట్ట మీద అట్లాగే ఆగిపోయింది. ‘‘పొట్ట గూడ సల్లగున్నది’’ అంది.

‘‘అత్తా!’’ అని అరిచాను.

మా అత్త వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పిల్ల జబ్లా విప్పి, నా రైక గుండీలు తీసి, బోర్లా నా ఎదకు ఆనించింది. తలకు టోపీ పెట్టింది. మా ఇద్దరి మీదా గొంగడి చుట్టి, పిల్ల ముక్కూ నోరూ బయట ఉండేలా అంచు మడిచింది. నా భర్త తను నడిపే ట్రాలీ ఆటో తీశాడు. మా అత్త నా వీపుకు ఆనుకుని కూర్చుంది. గాలి కొట్టకుండా సుగుణక్క నా ముందు తన ఒంటిని అడ్డం పెట్టి, దవాఖాన వచ్చేదాకా అట్లాగే వంగి ఉంది.

ఇన్నాళ్లూ పిల్లను ఎట్లా ఉంచామో అడిగి తెలుసుకుని, లోపల వెచ్చటి దీపాల కింద పెట్టారు. మధ్యాహ్నానికి నర్సమ్మ బయటికి వచ్చి, వేడి పుంజుకుంది, పాలు తాగుతోంది అని చెప్పింది. ‘‘తల్లి ఒంటికి ఆనించి తెచ్చారు, మంచి పని చేశారు. గింత చలిలో, గింత చిన్న పిల్లకు టోపీ ఎందుకు తీసిండ్రు? మీరేసుకున్న దానికంటే ఒక వరస ఎక్కువెయ్యండి. ముఖం మీద ఏం కప్పొద్దు, గదిలో నిప్పులు పెట్టొద్దు. కాళ్లు చేతులు చూసి చెప్పలేం. పొట్ట, మెడ వెనక పట్టి చూడాలె. చల్లగుంటే ఇంకోటి ఎయ్యండి, చెమట పడితే ఒకటి తియ్యండి.’’

సుగుణక్క దవాఖాన మెట్ల మీద కూర్చుంది. ఆమె చేతులు కదలకుండా ఒళ్లో పడి ఉండటం నేను మొదటిసారి చూశాను.

‘‘టోపీ నేనే తీసిన బాలమ్మా’’ అంది. సుగుణక్క తనంతట తనే చెప్పుకుపోయింది. పెళ్లయిన కొత్తలో మొగుడితో బొంబాయి దిక్కు ఇళ్లు కట్టే కట్టుబడి పనికి పోయింది. రేకుల గుడిసెల్లో ఉండేవాళ్లు. అక్కడే తొలిచూలు కొడుకు పుట్టాడు. ‘‘సలికాలం. ఇద్దరి నడుమ ఏసుకుని ఒక్కటే గొంగడి కప్పుకుని పండుకునేది. అందరు గట్లనే పండుకునేది. ఒకనాడు తెల్లారి లేచి పనికి పోదామని గొంగడి తీస్తే... పిల్లగాడు లేడు. ఎందుకు పోయిండో ఎవ్వరు చెప్పలే. గాలి సోకిందన్నరు, దిష్టి అన్నరు. నాకు గా గొంగడే కనిపిస్తది. ఇయ్యాల్టికి గూడ. గందుకే నీ మనవరాలి మీద ఏం కప్పినా నాకు పానం ఆగలే.’’

తర్వాత ఆమెకు పిల్లలు కలగలేదని మాత్రమే నాకు తెలుసు. ఈ సంగతి తెలియదు. మా అత్త ఆమె పక్కన కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ‘‘నేను గూడ భయానికే కప్పిన సుగుణమ్మా. పిల్ల గంత చిన్నగ ఉండె’’ అంది. తర్వాత లేచి ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. ‘‘పద. లోపలికి పోయి పిల్లను జూద్దువు.’’

ఆ తర్వాత కూడా వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారు. కానీ సుగుణక్క వచ్చిందంటే మొదట మా అత్తను పిలిచి, ‘‘నువ్వు పట్టి జూడు, ఎట్లున్నది?’’ అని అడిగేది. మా అత్త చెప్పాక తనూ పట్టి చూసేది. నేనూ చూసేదాన్ని. ముగ్గురం ఒప్పుకున్నాకే బట్టలు మార్చేవాళ్లం. శ్రావణి ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. స్వెటరు వేసుకోమంటే విసిరేసి పరుగెత్తుతుంది. సుగుణక్క నిరుడు ఎండాకాలంలో గట్టులో, తమ్ముడి ఇంట్లో జబ్బుపడి పోయింది. వార్త విని మా అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

దుకాణం ఇప్పుడు నేను నడుపుతున్నాను. పోయిన వారం ఒక జంట వచ్చింది. గద్వాల దిక్కు వాళ్లు. చంటిపిల్లాడితో దూరం పనికి పోతున్నారు. బస్సుకు ఇంకా సమయముందని జబ్లాలు కొనడానికి వచ్చారు. ఆ పిల్లాడి తల్లి శ్రావణి కంటే ఏమంత పెద్దది కాదనిపించింది.

‘‘గక్కడ ఇంకా ఎక్కువ సలి ఉంటదంట అక్కా. ఎన్ని ఎయ్యాలె?’’

తెలిసినదంతా చెప్పాను. ఆమె చెయ్యి పట్టుకుని పిల్లాడి మెడ వెనక పెట్టించాను. ‘‘ఎచ్చగున్నడు’’ అంది. మరుక్షణమే ఆమె కళ్లలో అదే బెదురు. ‘‘మరి సరిపోయిందో లేదో నీకెట్ల తెలుస్తదక్కా?’’

ధైర్యం చెప్పాలనుకున్నాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

‘‘తెల్వదు చెల్లె. గందుకే మళ్ల మళ్ల చూస్త.’’

బస్సు ఎక్కించడానికి వాళ్లతో పాటు నడిచాను. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అద్దం వేసుకోమని సైగ చేస్తే వేసుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆమె నా వైపు చూడలేదు. తల వంచుకుని, కొంగు కిందికి చెయ్యి పోనిచ్చి, పిల్లాణ్ని తడుముతూనే ఉంది.