గవాచి మీది బండ

నా చిన్నప్పుడు మా ఇల్లంతా కలిపి ఒకటే గది. అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరి దగ్గర ఒక పల్లెలో చౌడుమట్టి మిద్దె. ఒక మూల కట్టెల పొయ్యి, ఎదురుమూల అమ్మ మంచం, కప్పు నడుమ పొగ పోవడానికి జానెడు కన్నం. దాన్ని గవాచి అంటాం. వాన వస్తే మిద్దె ఎక్కి దాని మీదికి ఒక చిన్న బండ జరుపుతాం. అనంతపురం అనగానే అందరూ ఎండల గురించే మాట్లాడతారు. ముసురు పట్టినప్పుడు ఆ మట్టి గోడల మధ్య ఒక్కరోజు పడుకొని చూడమనండి, చలి ఏమిటో తెలుస్తుంది.

తమ్ముడు పుట్టిన పదో రోజో పదకొండో రోజో అలాంటి ముసురే పట్టింది. పసిబిడ్డకు చలి సోకకూడదని మా అవ్వ, అంటే నాయన తల్లి, పొద్దున్నుంచీ పొయ్యి ఆరనివ్వలేదు. తుమ్మ మొద్దులు ఎగదోసి, తలుపు సందుల్లో గోనెలు కుక్కింది. గవాచిని మాత్రం సగమే మూసింది. అందులోంచి తుంపర పడుతుంటే కింద ఒక చెంబు పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిదేళ్లు నాకు, లోకంలో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. తలుపుకు గోనెలు కుక్కి, నెత్తిన కన్నం వదిలేస్తుందా ఈ ముసలమ్మ!

మధ్యాహ్నం అవ్వ మేకలకు ఆకు తేవడానికి పోయింది. అప్పటికి మొద్దులు కాలి ఎర్రటి నిప్పులయ్యాయి, పొగ జాడే లేదు. పొగ లేనప్పుడు కన్నమెందుకని నిచ్చెన ఎక్కి బండను పూర్తిగా జరిపాను. పైన, వానకు నేను కప్పుకున్న గోనె కూడా పరిచాను. దిగివచ్చేసరికి అమ్మ కళ్లు మూసుకునే, "ఇప్పుడు వెచ్చగుండాది మే" అంది. ఆ మాటకు పొంగిపోయి, తలుపు గట్టిగా వేసి పక్కింటి పంచలో ఆటకు పోయాను.

అవ్వ కేక విని పరుగెత్తుకొచ్చాను. తమ్ముణ్ణి అప్పటికే తెచ్చి మా పంచలో పడుకోబెట్టింది, వాడు ఏడవడం లేదు. అమ్మను చంకల కింద చేతులేసి ఈడ్చుకొస్తోంది. అమ్మ వాంతి చేసుకుంది, తల నిలపలేకపోతోంది. అవ్వ తమ్ముడి అరికాళ్లు తడుతూ, వాడి మొహాన తుంపర పడనిచ్చింది. ఎంతసేపో నాకు తెలియదు. చివరికి పిల్లికూనలా ఒక్క కూత పెట్టాడు. అవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది.

నాయన చేని నుంచి వచ్చి మిద్దె వైపు చూశాడు. "గవాచి ఎవరు మూసినారు?" అన్నాడు. అవ్వ నా వైపు ఒక్కసారి చూసింది, ఆమెకు తెలిసిపోయింది. "నేనేరా. తుంపర పడతాందని మూసినా" అంది. నాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. "నా బిడ్డను నువ్వే చంపేదానివి కదమ్మా" అన్నాడు. అవ్వ తల వంచుకుని నిలబడింది. నేను కిక్కురుమనలేదు.

మర్నాడు అవ్వ నన్ను మిద్దె ఎక్కించి, నా చేతనే బండ పక్కకు జరిపించింది. "నిప్పు కూడా మన మాదిరే గాలి తింటాది మే. దారి మూస్తే మీ తమ్మునికి యాడ మిగులుతాది?" అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తరువాత నాయన అవ్వను బిడ్డతో ఒంటరిగా ఉండనివ్వలేదు. ఆమె పోయేదాకా ఆ నింద ఆమె మీదే ఉంది. తమ్ముడు పెద్దయ్యాక, "మా అవ్వ గవాచి మూసి నన్ను చంపబోయింది" అని నలుగురిలో నవ్వుతూ చెప్పుకునేవాడు. నేనూ నవ్వేదాన్ని, సిగ్గులేనిదాన్ని.

మొన్న ముసురులో తమ్ముడికి కొత్తగా పుట్టిన మనవరాలిని చూడటానికి పోయాను. సిమెంటు ఇల్లు, కిటికీలన్నీ బిగించి, బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టారు. ఎవరినీ అడక్కుండా పోయి కిటికీ తెరిచాను. తమ్ముడు నవ్వి మళ్లీ అవ్వ మాట ఎత్తాడు.

"మూసింది అవ్వ కాదురా, నేను" అన్నాను.

వాడి నవ్వు ఆగిపోయింది. "ఇన్నేండ్లూ ఆమెను అనిపిస్తివే అక్కా. ఇప్పుడు ఆమెకు ఎవరు చెప్తారు?" అన్నాడు.

ఏ ఇంటికి పోయినా నా కళ్లు ముందు కిటికీనే వెతుకుతాయి. ముసలామె జాగ్రత్త అనుకుంటారు అందరూ. నాకు మాత్రం కిటికీ తెరిచిన ప్రతిసారీ, ఆ పంచలో తల వంచుకుని నిలబడిన అవ్వే కనబడుతుంది.